నేను గెలిచిన మీటింగు

నాకు ముక్కు మీద కోపం. గోదావరిఖని బొగ్గు గనిలో అండర్ మేనేజరుగా చేరిన కొత్తలో అది మరీ ఎక్కువ. నెలనెలా జరిగే రక్షణ కమిటీ మీటింగులో ఒకే సంగతి రెండుసార్లు ఎత్తాను. గనిలో పైకప్పుకు గేజీలు బిగిద్దాం, బండ కాస్త కిందికి జరిగినా ఎర్ర గీత కనబడుతుంది, మనుషులను ముందే బయటికి తేవచ్చు అని. రెండుసార్లూ ఒక్క మనిషే దాన్ని పడగొట్టాడు. ఆయన మా పాత సర్దార్. షిఫ్టు మొదట్లో కర్రతో బండను కొట్టి, చప్పుడు విని, దాని కింద పని చెయ్యొచ్చో లేదో చెప్పేది ఆయనే.

"గా మిషిన్లు ఎందుకు సార్? ముప్పై ఏండ్ల సంది నా చెవే మిషిన్. బండ పాడైతె అదే చెప్తది."

"కాక చెప్పినంక ఇంకేముంది," అని అందరూ నవ్వారు. చాయ్ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

మూడో మీటింగుకు ముందు రోజు ఆయన వెనకే గనిలోకి, మా మాటలో బావిలోకి, దిగాను. ఆయన బండను కొట్టి, పక్కనున్న కార్మికుల ముఖాల్లోకి చూశాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ముఖాల్లోకే. వాళ్ళు కదలకపోతే "మంచిగుంది" అన్నాడు. ఒకడు వెనక్కి జరిగితే "పాడుంది" అన్నాడు. ఆయనకు ఆ చప్పుడు వినబడటం లేదు. కొడుక్కు తమ ఉద్యోగం ఇప్పించాలని అన్‌ఫిట్ రాయించుకోవడానికి దవాఖాన చుట్టూ తిరిగేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, చెవుడు దాచుకుని బావి దిగే మనిషిని అప్పుడే చూడటం.

ఆ సాయంత్రమే పక్కకు పిలిచి అడగాల్సింది. అడగలేదు. నాకు నలుగురిలో గెలవాలని ఉంది.

మర్నాడు మీటింగులో గేజీలు వద్దనడానికి ఆయన లేవగానే, పెదాలు కనబడకుండా కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, "కాకా, మీ గ్యాంగులో ఎంతమంది?" అన్నాను.

"ఔ సార్," అన్నాడు.

మళ్ళీ అదే అడిగాను. ఆయన చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. అందరూ తల దించుకున్నారు. వాళ్ళకు ముందే తెలుసు. గేజీలు ఐదు నిమిషాల్లో పాసయ్యాయి. పరీక్షలు చేసి ఆయనను బావి మీద, దిగేవాళ్ళకు లాంపులిచ్చే రూములో వేశారు. అక్కడ ఆయన చేతి నుంచి లాంపు తీసుకోవాలంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

గేజీలు మంచివే. ఇవాళ్టికీ ఆ మాటే అంటాను. కాకపోతే అప్పటి నుంచి మీటింగులో నాకెవరూ ఎదురు చెప్పడం లేదు. ఏమన్నా "సరే సార్".

మొన్న ప్లాను మీద ఒక గేజీ గుర్తు తప్పుగా పెట్టాను. పాడైన బండ దానికి పదడుగుల అవతల ఉంది. బిగించినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నేను గీసిన చోటే బిగించి, రెండు షిఫ్టులు ఆ బండ కిందే పని చేశారు. చూడగానే అందరినీ బయటికి తెచ్చి, ఎందుకు చెప్పలేదని గట్టిగా అరిచాను.

వాళ్ళలో ఒకతను చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు:

"చెప్పేటోన్ని ఏం జేసిన్రో చూసినం గద సార్."