తలకట్లు చెరిగిన ఫోటో

మా పెద్దమామయ్య షాపులకు బోర్డులు రాసేవారు. బొమ్మలు వేయడం ఆయనకు చేతకాదు. ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా, "అక్షరాలైతే నేనున్నాను. ఆవు బొమ్మ కావాలంటే ఇంకొకర్ని చూసుకోండి" అనేవారు. మందుల షాపు, టైపు ఇన్‌స్టిట్యూటు, పళ్ల డాక్టరు గది... మా వీధి చివర నుంచి బస్టాండు దాకా నడిస్తే దారి పొడుగునా ఆయన చేతిరాతే. నేను ఆ బోర్డులు కూడబలుక్కుంటూనే చదవడం నేర్చుకున్నాను.

సుద్ద పూసిన దారాన్ని రెండు కొసలా బిగించి టప్పున కొడితే పలక మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద కుంచె ఆనించాక మామయ్య ఊపిరి బిగబట్టేవారు. కింద నిచ్చెన పట్టుకునే పని అత్తయ్యది. ఆవిడ ఊపిరి బిగబట్టేది కాదు, నోరు కట్టేసుకునేదీ కాదు. "ఆఖరి మాటకి చోటు చాలదు, ఇప్పుడే చెబుతున్నా!" అని కిందనుంచి కేకేసేది. ఆయన వినిపించుకునేవారు కాదు. చివరికి చోటు చాలేది కాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మిగిలిన నాలుగైదు పలకలు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. అత్తయ్య పోయి ఆరేళ్లయింది.

నాది ఫోటోలు ప్రింటు చేసే షాపు. ఒక ఉదయం మామయ్య చెప్పులు బయట విడిచి, ఫోను రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చారు.

"అమ్మాయ్, ఇది పెద్దది చెయ్యగలవా? గోడకి సరిపడా."

ఇనప సామాను కొట్టు యజమానికి పాత సామాను సర్దుతుంటే తన మొదటి కెమెరా ఫోను దొరికిందట. అందులోని ఫోటోను మామయ్యకు పంపించాడు. ఆ కొట్టు బోర్డుకు మామయ్య ఆఖరిసారి రంగులు వేస్తున్నప్పుడు తీసింది. కంప్యూటరులో తెరిస్తే అగ్గిపెట్టెంత ఉంది. పెద్దది చేయబోతే గళ్లుగళ్లుగా విడిపోయింది. నిచ్చెన మీద మామయ్య ఒక మరక, నిచ్చెన కింద అత్తయ్య ఇంకో మరక.

"దీనికి ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్ ఉంది మామయ్యా. లేని చుక్కలు అదే నింపుతుంది."

"లేనివి దానికెలా తెలుస్తాయే?"

"ఊహిస్తుంది."

ఆయన అనుమానంగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండు నిమిషాల్లో తెర మీద బొమ్మ తేటపడింది. ఇనప తలుపుల మడతలు, వాటి మీద తుప్పు, నిచ్చెన మెట్లు, మెట్టుకు కట్టిన రంగు డబ్బా ఒక్కొక్కటే కనిపించాయి. మామయ్య మొహం వెలిగింది.

"ఆ డబ్బా చూడు! సొట్ట డబ్బా. అదే."

అంతలో ఆయన చూపు బోర్డు మీదకు వెళ్లింది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేం భాషే?"

అక్షరాల్లాగే ఉన్నాయి కానీ ఒక్కటీ అక్షరం కాదు. సాఫ్ట్‌వేర్ తలకట్లన్నీ దుమ్మనుకుని తుడిచేసింది. 'ళ'ను ముడుచుకున్న నత్తను చేసింది. ఒత్తుల జాడే లేదు. మెరుస్తూ, నున్నగా, ఎవరూ చదవలేని బోర్డు. నేను సిగ్గుపడ్డాను, మామయ్య మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు. "నయం, ఇది నాకు పోటీ రాదులే!"

నవ్వుతూనే కిందికి చూసి ఆగిపోయారు.

"ఈవిడెవరు?"

నిచ్చెన పక్కన ఒక అందమైన ఆవిడ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"అత్తయ్య..." అన్నాను మెల్లగా.

"మీ అత్త నిచ్చెన పట్టుకుని ఏనాడైనా నవ్విందా? తలెత్తి తిట్టేది." తెర మీది ఆవిడ మీద వేలు పెట్టారు. "ఈవిణ్ణి తీసెయ్యి. మీ అత్త ముందెలా ఉందో అలా ఉంచెయ్. మసగ్గా ఉన్నా పరవాలేదు."

ముఖాలు బాగుచేసే మీట ఆపి మళ్లీ మొదలుపెట్టాను. తలుపులు, నిచ్చెన సాఫ్ట్‌వేర్‌కు వదిలాను. అత్తయ్యను ఉన్నది ఉన్నట్టు పెద్దది చేసి ఆ చోట అమర్చాను. అక్షరాలే మిగిలాయి.

"అవి నేను రాసిస్తాను" అన్నారు మామయ్య.

మర్నాటి నుంచి తొమ్మిది రోజులు, నేను తాళం తీసేసరికి కాగితాల చుట్టతో గుమ్మంలో ఉండేవారు. మూలనున్న బల్ల మీద కుంచెతో ఒక్కొక్క మాటా రాసేవారు. చెయ్యి వణికితే ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసేవారు. 'మేకులు, గొలుసులు, తాళాలు' వరకూ వచ్చింది. నేను వాటిని స్కాన్ చేసి బోర్డు మీద కూర్చేదాన్ని. ఆఖరి మాట 'గొళ్లేలు' అయిదో రోజుకు పూర్తయింది, కానీ ఎంత జరిపినా పట్టలేదు. పాత ఫోటోలో చూస్తే ఆ మాట ఉన్న మరక మిగతావాటికంటే ఇరుకు.

మామయ్య చాలాసేపు దాన్నే చూశారు. "చెబుతూనే ఉంది, చోటు చాలదని. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం పెట్టి, 'గొళ్లేలు ఊపిరాడక చస్తున్నాయి' అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం." కొత్త కాగితం తీశారు. ఈసారి కావాలనే ఇరుకుగా రాశారు. అది కుదరడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

నాలుగడుగుల ప్రింటు తీసి ఆయన ఇంటి ముందు గదిలో తగిలించాం. చూడ్డానికి వచ్చిన కొట్టు యజమాని బోర్డు మొత్తం పైకి చదివి, "ఇంత బాగుండేదా? మేం రోజూ దానికిందే కూర్చునేవాళ్లం" అన్నాడు. మామయ్య ఆయన్ని అత్తయ్య ఉన్న మూలకు తీసుకెళ్లి చూపించారు. మరకే. అయినా తల పైకెత్తి ఉందని తెలుస్తోంది.

పని అయిపోయినా మామయ్య రావడం మానలేదు. ఇప్పుడు నా షాపులో ప్రింటుకు వెళ్లే ప్రతి కాగితం ముందు ఆయన కళ్లకింద నుంచి పోవాలి. నిన్న ఒక పెళ్లి కార్డు చూసి, "మూడో వరసలో ఒత్తు మింగేశారు, ఆపు" అన్నారు. ఆపాను.