సోలార్ కాలిక్యులేటర్‌కి దసరా బొట్టు

దసరా నుంచి పనిచేయడం లేదంటూ మా బాబాయిగారు తన పాత జేబు కాలిక్యులేటర్ పట్టుకుని ఈ రోజు పొద్దున్నే పాలకొల్లు నుంచి దిగారు. ఇరవై ఏళ్ల నాటి సింగపూర్ సరుకు. అక్కడ ఇద్దరు మెకానిక్ మహానుభావులు విప్పి చూసి, లాభం లేదని తేల్చేశారట.

చూస్తే అది ఎండతో పనిచేసే రకం. వెలుతురు పడాల్సిన నల్లటి పలక నిండా, ఆయుధపూజకి పెట్టిన గంధం, కుంకుమ ఎండిపోయి ఉన్నాయి! తడిగుడ్డతో తుడవగానే సున్నా కనిపించింది.

"బాగైపోయింది బాబాయ్" అన్నాను.

"బొట్టు తుడిచేశావేంట్రా! అశుభం కాదూ?" అంటూ మా ఆవిడని కుంకుమ అడిగి, మళ్లీ అక్కడే దట్టంగా పెట్టారు. సున్నా మాయమైంది.

"చూశావా, నీ రిపేరూ అంతే" అన్నారు.

ఇలా పూజలందుకుని పోయిన యంత్రాలు మీ ఇళ్లలో ఎన్నున్నాయి?