రెండు దినాల ఉపవాసం

నాయన పరమపదించిన ఏడాది నేను ఏ పనీ మానలేదు. బడికి పోయి సంస్కృతం చెప్పాను. గుడి గోష్ఠిలో నా చోట నిలబడి అందరితో కలిసి ఆళ్వార్ల పాశురాలు చదివాను. పక్షానికొకసారి మా వీధి చివర నెట్ సెంటర్‌కు పోయి ఈమెయిలు ఉత్తరం పంపాను. అన్నీ చేశాను గానీ ఏదీ నాకు తగల్లేదు.

ఆ ఉత్తరం అంతకు రెండేళ్ల ముందు మొదలైంది. తిరుపతిలో మా గోష్ఠిలో కలిసి చదివి, ఉద్యోగాల మీద చిత్తూరు, పలమనేరు, మద్రాసు చేరినవాళ్లు రాసి పంపమని అడిగారు. ఒక పాశురానికి అర్థం, రాబోయే ఏకాదశి తేదీ, మరునాడు ఉపవాసం విడిచి పారణ చేయవలసిన సమయం, అంతే. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. అరవై మంది దాకా తెప్పించుకునేవారు. అర్థం ఎంతమంది చదివేవారో తెలియదు. తేదీ మాత్రం అందరూ చూసేవారు.

ఆ తేదీ నాయన చెప్పేవారు. తెల్లవారుజామున దశమి కాస్త మిగిలి ఉన్నా మా సంప్రదాయంలో ఆ రోజు ఉపవాసం పనికిరాదు, మరునాడు ఉండాలి. గోడ క్యాలెండర్లలో ముందు రోజే ఏకాదశి అని వేస్తారు. ఈ సంగతి నేను పిల్లలకు పాఠంగా చెప్పినవాణ్ణి. నాయన పోయిన మూడో నెలలో, నెట్ సెంటర్ గోడకు వేలాడుతున్న క్యాలెండర్‌కేసి తలెత్తి చూసి, అందులో ఉన్న తేదీ కొట్టి పంపేశాను.

ఏకాదశి నాటి ఉదయం ఇంటికి ఫోన్ వచ్చింది. పలమనేరు నుంచి ఒక పెద్దావిడ. ఆమె కొడుకు పాలకేంద్రంలో గుమాస్తా. నా ఉత్తరం కాగితం మీద అచ్చు తీయించి తీసుకుపోయి తల్లికి చదివి వినిపిస్తాడు.

"అయ్యవారూ, మీరు ఉపవాసం ఎప్పుడు?"

"ఈ దినమే అమ్మా."

"మరి మాకు నిన్ననే ఉండమని రాస్తిరే? కార్వేటినగరంలో మా చెల్లెలు ఈ దినమే అంటాండాది. నేను పొద్దున్నే పారణ చేసేసినా. ఏకాదశి నాడు కూడు తినేసినా, అయ్యవారూ. పెండ్లయినప్పట్నించీ యెప్పుడూ తినలా."

గోష్ఠిలో పెద్దలు చెప్పిన రోజున నేను ఉపవాసం ఉన్నాను. నేను రాసిన తేదీ వేరని నాకు గుర్తే రాలేదు.

"తప్పు నాదే అమ్మా. క్యాలెండర్ చూసి రాసేసినాను."

"క్యాలెండర్ మా ఇంట్లో లేదా? దానికి మీరెందుకు?"

ఏడుపు రావలసింది. రాలేదు. ఫోన్ తీగ మెలికలు విప్పుతూ నిలబడ్డాను.

నెట్ సెంటర్ అతను విని నవ్వాడు. "వదిలెయ్ సామీ. ఒక ముసలామె అడిగింది, అంతే గదా. మిగతావాళ్లకు తెలిసిండదు. ఈసారి కరెక్టుగా పెట్టు, సరిపోతాది."

గోష్ఠిలో ఎవరైనా ఒక పాదం తప్పితే దాటుకుని పోరు. అందరూ ఆగుతారు. తప్పినవాడు పాశురం మొదటి నుంచి ఎత్తుకుంటే అందరూ అతనితో మళ్లీ చదువుతారు. నాకు వేరే పద్ధతి తెలియదు. అరవై మందికీ రాశాను: "తేదీ క్యాలెండర్ చూసి వేశాను. నేను మాత్రం సరైన రోజే ఉపవాసం ఉన్నాను. మీరు ఏకాదశి నాడు భోంచేసిన అపచారం నాది." రెండో వాక్యం రెండుసార్లు చెరిపి మళ్లీ కొట్టాను. ఏడుగురు తమ పేర్లు తీసేయమన్నారు. తీసేశాను. చాలామంది జవాబే ఇవ్వలేదు.

తర్వాతి ఏకాదశికి పలమనేరు నుంచి మళ్లీ ఫోన్. "ఈసారి రెండు దినాలూ ఉంటా అయ్యవారూ. మీ తేదీకొకటి, నా భయానికొకటి."

కొడుకు ఫోన్ అందుకున్నాడు. "సుగరుండాది సామీ. చెప్తే ఇనదు. మాత్రలేసుకుంటాది, కూడు మాత్రం ముట్టదు. పోయిన వారమే కండ్లు తిరిగి పడింది."

అప్పటి నుంచి నాయన పంచాంగం దించి నేనే చూడడం మొదలుపెట్టాను. దశమి ఎన్ని గంటలకు పోతుంది, సూర్యోదయం ఎప్పుడు, ఆ రోజు ఎందుకు పనికొస్తుంది లేదా రాదు, అన్నీ ఉత్తరంలో విడమర్చి రాశాను. పంపే ముందు గోష్ఠిలో పెద్దాయనకు చూపించాను. ఆమె మాత్రం రెండు దినాలూ ఉంటూనే వచ్చింది. గుడిలో నిలబడి ఆమె ఆరోగ్యం గురించి స్వామికి విన్నవించాను. విన్నవిస్తున్నప్పుడు కూడా లోపల ఏమీ కదల్లేదు. అయినా రోజూ పోయాను.

ఐదారు నెలలకు మళ్లీ దశమి తగిలిన ఏకాదశి వచ్చింది. క్యాలెండర్ ఒక తేదీ, నా ఉత్తరం ఒక తేదీ. నా తేదీ నాటి మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో ఆమె కొడుకు జవాబు కనిపించింది.

"నిన్న అమ్మ కూడు తినింది సామీ. కార్వేటినగరం చిన్నమ్మ ఫోన్ చేసేదానికి ముందే, మీ తేదీ నమ్మి తినేసింది. ఈ దినం ఒకటే ఉపవాసం అంట. రేపు పారణ ఎన్ని గంటలకో ఇంకోసారి కనుక్కోమంటాంది."

సమయం నాకు నోటికి ఉంది. అయినా కుర్చీలోంచి లేచి, ఎండలో ఇంటికి నడిచి, పంచాంగం తెరిచి చూసి, తిరిగి వచ్చి రాశాను.