వంచని కడ్డీలు

మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో బరువు మోసిన మొగాడు ఒక్కడూ లేడు. అందరివీ ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఉద్యోగాలే. గడప దాటితే కారు, కారు దిగితే కుర్చీ. ఇండియన్ స్టోర్‌లో ఇరవై పౌండ్ల బియ్యం బస్తాని ట్రాలీలో వేసి, కారు దాకా తోసుకొచ్చి, డిక్కీలోకి ఎత్తడానికి మాత్రం పెళ్లాన్ని ఒక చెయ్యి వెయ్యమనే బాపతు. నేనూ ఆ బాపతే. అయినా వీపుకి తగిలించుకునే బ్యాగు గురించి ఒక్క ముక్క అడిగితే గంటలో నలభై మెసేజీలు వచ్చిపడ్డాయి.

అడగాల్సిన అవసరం మా పక్కింటి పెద్దాయన వల్ల వచ్చింది. కార్ల బాడీలకు రేకులు వంచే ప్లాంటులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన తెల్లాయన. ఏటా ఆకులు రంగు మారగానే వేటకెళ్తాడు. పడమటి కొండల్లో ఎల్క్‌ని వేటాడాలని పద్నాలుగేళ్లుగా లైసెన్సుకి అప్లై చేస్తూనే ఉన్నాడు. అదో లాటరీ. ఆ ఏడు తగిలింది. ఆ సీజన్‌కే చెల్లుతుంది, వాడుకోకపోతే మళ్లీ మొదటినుంచి వరసలో నిలబడాల్సిందే. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. పడగొట్టాక అక్కడే కోసి, ఒక్కో విడతకి అరవై, డెబ్బై పౌండ్ల మాంసం వీపున కట్టుకుని రోడ్డు దాకా నడిచి రావాలి. బండ్లు పోవు. ఏటా వేటకి ఆయనతో వెళ్లి మోసిన తమ్ముడు రెండేళ్ల కిందట పోయాడు. ఈయనకి రెండు మోకాళ్లూ మార్చారు.

"నాకు కాల్చేవాడు అక్కర్లేదు. మోసేవాడు కావాలి" అన్నాడు ఒక శనివారం, ఇద్దరం పక్కపక్కనే లాన్ కోస్తుండగా. ఆయన ఇంగ్లీషులోనే అన్నాడు, నాకు మాత్రం తెలుగులో 'కూలీ' అని వినిపించి కొంచెం చురుక్కుమంది.

"ఒక్క మాట ముందే చెప్తున్నా బడ్డీ. మోయలేనిదాన్ని నేను కాల్చను. కొండ మీద మాంసం కుళ్లబెట్టి వచ్చే రకాన్ని కాను. నీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, లైసెన్సు మడిచి లోపల పెట్టేస్తాను."

పద్నాలుగేళ్ల ఎదురుచూపు నా వీపు మీద ఆధారపడి ఉందన్నమాట. కాదనడానికి నాకు అహం అడ్డొచ్చింది. "నేను మోస్తాను" అనేశాను.

మా గ్రూపులో ఒక గురువున్నాడు. ఆయన అడవి అనుభవమల్లా ఒక నేషనల్ పార్కులో పార్కింగ్ లాట్ నుంచి జలపాతం దాకా వేసిన సిమెంటు దారి మీద నడవడం. అదీ చేతిలో పులిహోర డబ్బాతో. అలాంటివాడు ఆ సాయంత్రానికల్లా స్ప్రెడ్‌షీట్ పంపాడు. పద్నాలుగు బ్యాగులు. ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని జేబులు, ఎన్ని జిప్పులు, వారంటీ ఎంత, రిటర్న్ పాలసీ ఏమిటి, ఒక్కోదానికి ఒక్కో కాలమ్, ఆకుపచ్చా ఎరుపూ రంగులు. మోసేవాడి వీపు ఎంత పొడవు అన్న కాలమ్ లేదు. ఎందుకుంటుంది? మావాళ్లకి బ్యాగంటే ఇండియా సూట్‌కేసు. యాభై పౌండ్లకి ఒక్క చాక్లెట్ తక్కువగా సర్ది, చేతి తక్కెడకి వేలాడదీసి, ముగ్గురు చుట్టూ మూగి అంకె చూసి మురిసిపోవడమే మాకు తెలిసిన బరువు విద్య. ఆ సూట్‌కేసుకి చక్రాలుంటాయన్న సంగతి ఎవడికీ గుర్తు రాదు.

ఆపైన యూట్యూబ్. గడ్డాలు పెంచి, వెనక దేవదారు చెట్లు కనపడేలా కూర్చుని, బురద సోకని కొత్త బూట్లతో బ్యాగు పట్టీలు నిమిరే మహానుభావులు. వాళ్లలో ఒకడు ఇరవై నిమిషాలు మాట్లాడి చివరికి ఇసుక సంచితో వరండా మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. నేను మొత్తం విన్నాను. లైక్ కూడా కొట్టాను.

ఇంత వెక్కిరిస్తున్న నేను చేసే పనేమిటో చెప్పాలి కదా. కార్ల సీట్లు డిజైన్ చేస్తాను. ఇరవై ఏళ్లుగా జనాల నడుముకి ఎక్కడ ఊతం ఇవ్వాలి, తుంటి ఎముక ఎక్కడ ఆనాలి అన్నదే నా బువ్వ. పది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే మీటింగులో బల్ల గుద్దేవాణ్ణి. ఆ నేను, స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కువ ఆకుపచ్చ గడులున్న బ్యాగుని కళ్లు మూసుకుని ఆర్డర్ చేశాను.

బ్యాగు వచ్చింది. మంచిదే, దాన్ననడానికేం లేదు. సంచికీ ఫ్రేముకీ మధ్య మాంసం మూటని బిగించడానికి అర ఉంది. ఫ్రేములో నిలువుగా రెండు అల్యూమినియం కడ్డీలు, స్కేలులా తిన్నగా. కూడా వచ్చిన పుస్తకంలో బొమ్మలు వేసి మరీ చెప్పాడు. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక దాకా కొలుచుకో, ఆ కొలతకి భుజం పట్టీలు దించుకో, కడ్డీలు తీసి నీ వెన్ను వంపుకి వంచుకో, నడుం పట్టీ తుంటి మీద కూర్చోవాలి, బరువు భుజాలది కాదు తుంటిది. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో మాట. కడ్డీలు వంచితే వెనక్కి తీసుకోరు.

గురువు మెసేజ్ వెంటనే వచ్చింది. "బాస్, ఏదీ టచ్ చెయ్యకండి. లేబుల్ తెంపొద్దు. ట్రిప్ అవ్వగానే రిటర్న్ కొట్టేద్దురు గానీ."

దీని కింద పదకొండు బొటనవేళ్లు. ఇది మా జాతి విద్య. అత్తగారు వచ్చేముందు కార్పెట్ క్లీనర్, కొడుకు గ్రాడ్యుయేషన్‌కి కెమెరా, మంచు ట్రిప్పుకి కోట్లు, అన్నీ వాడి అట్టపెట్టె చెదరకుండా వెనక్కిచ్చేస్తాం. నేను ఒకసారి ఇంటర్వ్యూకి చంకలో లేబుల్ గుచ్చుకుంటూనే సూటు వేసుకెళ్లి, ఉద్యోగం తెచ్చుకుని, సూటు తిరిగిచ్చాను. ఆ ఘనుడికి కడ్డీ వంచాలంటే చెయ్యి ఎలా ఆడుతుంది? లేబుల్‌ని పట్టీ కిందకి దోపి ఊరుకున్నాను.

పెద్దాయన మా గరాజ్‌కి వచ్చి చూశాడు. తన బ్యాగు కూడా పట్టుకొచ్చాడు. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది. మడత మంచానికి గోనె కుట్టినట్టుంది. నడుం పట్టీ చెమటకి నల్లబడి, ఒకచోట కారు సీటు బెల్టు ముక్కతో అతుకు వేసి ఉంది. నా కొత్తదాని కడ్డీల మీద బొటనవేలితో పై నుంచి కింది దాకా నిమిరాడు.

"వీటిని వంచలేదే?"

"ఫ్యాక్టరీ సెట్టింగ్ బాగానే ఉందండీ" అన్నాను.

"ఫ్యాక్టరీకి నీ వీపు తెలుసా?"

"నేను సీట్ల ఇంజనీర్ని."

"నేను ముప్ఫై ఏళ్లు లోహం వంచాను. ఇవి మోకాలికి ఆనిస్తే వంగుతాయి. ఐదు నిమిషాల పని. ఉండు, నేను వంచిపెడతాను."

ఒద్దొద్దు అని బ్యాగుకి అడ్డంగా నిలబడ్డాను. ప్లాంటులో పనివాళ్లు సలహా ఇస్తే ఇంజనీర్లు ఒక నవ్వు నవ్వుతారు. అది నా మొహం మీదికొచ్చింది. ఆయన చూశాడు. రోజూ మూడు మైళ్లు బరువుతో నడువు అని మాత్రం చెప్పి తన గోనె మంచం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మూడు బియ్యం బస్తాలు బ్యాగులో వేశాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. "బస్తా దింపడానికి నన్ను పిలుస్తారు, ఎల్క్‌ని మోస్తారట. తా దూర కంత లేదు, మెడకో డోలు" అంది. వీధి మలుపులో ఇంకో తెలుగావిడ కారు ఆపి, "ఏంటండీ, రైస్ డెలివరీ స్టార్ట్ చేశారా?" అని అడిగి, జవాబు వినకుండా నవ్వుకుంటూ పోయింది. ఒక్క రౌండుకే భుజాలు తిమ్మిరెక్కాయి. కడ్డీల కొసలు వెన్నులో పొడిచాయి. నడుం పట్టీ తుంటికి పైన, పొట్ట మీద కూర్చుంది. నేను ఏమనుకున్నానో తెలుసా? బియ్యం కిందికి జారుతోంది, మాంసమైతే ఇలా ఉండదు అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఇక నడవడం మానేశాను. ఆ నెలంతా పెద్దాయన కంచె దగ్గర అడిగినప్పుడల్లా, "మూడు మైళ్లు, రోజూ" అని చెప్పాను.

ఆయన నమ్మాడు. అబద్ధమాడేవాడి కన్నా నమ్మేవాడు వెర్రివాడని అప్పుడు నాకు లోలోపల అనిపించింది కూడా. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

రెండు రోజులు డ్రైవ్ చేసి కొండలు చేరాం. రోడ్డు నుంచి మకాం దాకా నాలుగు మైళ్ల ఎక్కుడు. టెంటు, తిండి, స్టవ్, నీళ్లు, ముప్పాతిక భాగం నా వీపున. మొదటి మైలులోనే నా ఇంజనీరింగ్ అంతా దిగిపోయింది. బ్యాగు నన్ను వెనక్కి లాగుతుంటే నేను ముందుకి వంగి, తలకాయ బూట్ల వైపు పెట్టి నడిచాను. ఆయన డెబ్బై దాటిన మనిషి, కొన్న మోకాళ్లతో, ఆ అతుకుల బ్యాగు తుంటి మీద పెట్టుకుని నిటారుగా, తొందర లేకుండా ముందు నడుస్తున్నాడు. ప్రతి మలుపులో ఆగి, చెట్లు చూస్తున్నట్టు నటించి, నేను వచ్చేదాకా నిలబడ్డాడు. అది నా కోసమేనని తెలిసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

మకాంలో బ్యాగు దించి చొక్కా మార్చుకుంటుంటే ఆయన నా వెనక నిలబడి ఉన్నాడు. వెన్ను పొడుగునా రెండు ఎర్రటి చారలు, నడుం పైన తోలు లేచిపోయింది. ఆయన చూపు నా వీపు మీంచి బ్యాగు మీదికి పోయింది. పట్టీ కిందనుంచి లేబుల్ బయటికొచ్చి గాలికి ఆడుతోంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదివి, వదిలేశాడు. నాకు ఆయింట్‌మెంట్ ఇచ్చి కాఫీ కాయడానికి వెళ్లాడు.

మర్నాడు తెల్లవారుతూనే అది వచ్చింది. కింద గడ్డి మైదానంలోకి చెట్లలోంచి నెమ్మదిగా నడిచొచ్చి, పక్కకి తిరిగి నిలబడింది. అంత పెద్ద జంతువుని అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. మెడ చుట్టూ నల్లటి జూలు, ముక్కులోంచి ఆవిరి. పెద్దాయన పడుకుని రైఫిల్ ఆనించాడు. ఆయన ఊపిరి ఆగడం నాకు వినిపించింది. నేను నా చెవులు మూసుకోబోయాను, కుడి చెయ్యి భుజం దాకా లేవలేదు. సగంలో ఆగింది.

ఆయన రైఫిల్ మీద గురిచూసే సైటులోంచి కన్ను తీసి నా చేతి వైపు చూశాడు. మళ్లీ సైటులోకి చూశాడు, చాలాసేపు. తర్వాత ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, పేలకుండా సేఫ్టీ వేసి, రైఫిల్ పక్కన పెట్టి, గడ్డం చేతుల మీద ఆనించుకుని ఎల్క్‌ని చూస్తూ పడుకున్నాడు. అది పావుగంట మేసి వెళ్లిపోయింది.

"ఎందుకు కాల్చలేదు?" అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

"రోజూ మూడు మైళ్లు నడిచావా?"

"లేదు. ఒక్కరోజు. వీధి చుట్టూ."

తలూపాడు. కోపం లేదు, అదే భరించలేకపోయాను. ఇప్పుడే కడ్డీలు వంచేస్తానన్నాను. "చెయ్యి లేవడం లేదు నీకు. ఇప్పుడు వంచి ఏం లాభం" అన్నాడు. ఇంకో రెండు రోజులు ఉన్నాం. ఆయన రైఫిల్ కవర్లోంచి తియ్యలేదు. పొద్దున్నే వెళ్లి ఆ మైదానం చూసి వచ్చేవాడు.

ఇంటికొచ్చిన వారానికి గురువు మెసేజ్ పెట్టాడు. "రిటర్న్ విండో క్లోజ్ అవుతోంది బాస్. లేబుల్ ఉందిగా?" ఉందండీ మహాప్రభో, చెక్కుచెదరకుండా ఉంది. కొండెక్కి దిగినా దానికి గీత పడలేదు, పడిందల్లా నా వీపుకే. ఫోన్ పక్కన పడేసి గరాజ్‌లోకి వెళ్లి కడ్డీలు బయటికి లాగాను. మోకాలికి ఆనించి నొక్కితే వంగాయి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా ఆవిడ చేత వీపు కొలిపించుకుని పట్టీలు దించాను, లేబుల్ తెంపాను, మూడు బస్తాలు వేసి లేచాను.

అరవై పౌండ్లూ వచ్చి తుంటి మీద కూర్చున్నాయి. భుజాల మీద వేలు దూరేంత ఖాళీ. నాకు ఏడుపొచ్చింది, బరువుకి కాదు. వీధి చుట్టూ మూడు రౌండ్లు కొట్టి, అలాగే పెద్దాయన ఇంటి ముందుకి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, దర్జీ జాకెట్ సరిచూసినట్టు నడుం పట్టీలో రెండు వేళ్లు పెట్టి చూశాడు, కడ్డీల మీద అరచెయ్యి రాశాడు.

"బాగా వంచావు" అన్నాడు.

"మళ్లీ అప్లై చేద్దాం. ఈసారి మోస్తాను. ఒట్టు" అన్నాను.

ఆయన నా భుజం పట్టీ ఒకటి కొంచెం వదులు చేసి, సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూశాడు.

"నాకు డెబ్బై నాలుగు, బడ్డీ" అన్నాడు.