ఫిర్మిన్ భుజం మీది పిట్ట

ఫిర్మిన్ వెర్లోయ్ బల్లలకీ బీరువాలకీ పాలిష్ పెట్టే పనివాడు. మా ఊరు మెహెలెన్‌లో పాత చెక్కసామాను ఉన్న ఇళ్ళలో ఆయన చెయ్యి పడనిది తక్కువ. మితభాషి. ఎవరైనా మెచ్చుకుంటే చెవులు ఎర్రబడేవి. నోరు విప్పేది కెనరీ పిట్టల సంగతి వస్తేనే. కెనరీ సంఘం కూడేది మా కెఫే వెనకగదిలో కాబట్టి, ఆయన మాటలు ఎక్కువగా విన్నవాళ్ళలో నేనొకదాన్ని.

మా ప్రాంతపు కెనరీ ముక్కు సరిగ్గా తెరవకుండానే పాడుతుంది. గొంతులో నీళ్ళు బుడబుడమని పొంగుతున్నట్టు ఉండాలి. పాడేది మగపిట్టే. ఆడది కిచకిచలతో సరిపెడుతుంది. పిల్లప్పుడు చూడ్డానికి రెండూ ఒకటే. ఆకులు రాలే రోజుల్లో ఏది గొంతు ఉబ్బించి పాట మొదలుపెడితే దాన్ని మగదనుకుని విడిగా పెడతారు. అలాంటి నాలుగు పిట్టల జట్టుతో పోటీకి వస్తారు.

ఆ జనవరిలో ఫిర్మిన్ జట్టు మొదటిసారి గెలిచింది. అందులో నాలుగో పిట్ట ఆయన ముద్దులపిట్ట. తోబుట్టువుల కింద నలిగిపోయి చావబోతుంటే గూట్లోంచి తీసి, అగ్గిపుల్ల చివర గుడ్డుముద్ద పెట్టి బతికించాడు. దానికి పంజరం తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. పొద్దున స్నానం చేసి ఆయన చేతుల్లేని బనీనుతో పిట్టల గదిలో కూర్చుంటే, అది భుజం మీద వాలి చర్మాన్ని ముక్కుతో గీరుతూ ఉండేది.

దాని పాట గొమ్మార్‌కి నచ్చలేదు. గొమ్మార్ కూరగాయల వేలంలో పనిచేసేవాడు. ఏటా కప్పు ఆయనే పట్టుకెళ్ళేవాడు.

"నాలుగోది ఎత్తుకుంటోంది గానీ నిలబెట్టలేకపోతోంది. రెండు ముక్కలు పాడి ఆగిపోతోంది. అది మగగొంతు కాదు. ఈక పీకి పరీక్షకి పంపండి" అన్నాడు.

"పంపండి. నాకేం భయం" అన్నాడు ఫిర్మిన్.

వారం తిరక్కుండానే సంఘం అధ్యక్షుడు రెమి మా కెఫేకి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఒడీల్, అది ఆడపిట్టట" అన్నాడు నాతో.

ఆడపిట్ట పాడిందంటే మా వాళ్ళకి తోచేది ఒకటే. మగ హార్మోను ఎక్కించారని. వేరే ఊళ్ళలో అలా చేసి పట్టుబడ్డవాళ్ళు ఉన్నారు. ఆ రోజు నుంచీ ఫిర్మిన్ బీరు తాగడానికి వస్తే ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. గొమ్మార్ మాత్రం దూరం నుంచి బొటనవేలుతో సూది నొక్కినట్టు చేసి చూపించేవాడు.

"నేనేం పొడవలేదు గొమ్మార్."

"నువ్వు పొడవలేదు, అది పాడలేదు. మేమే పొరపాటున విన్నాం."

ఆదివారం చర్చి అయ్యాక సంఘం కూడింది. పిట్టల డాక్టరు వేర్లాని పిలిపించారు. ఫిర్మిన్ పంజరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. భార్య లుట్‌గార్ద్ కోటు కూడా విప్పకుండా తలుపు దగ్గరే నిలబడింది. చర్చి పాటల బృందంలో పైస్వరం ఆవిడదే. ఆ చలికాలమంతా గొంతు పట్టేస్తోందని మానేసింది. పై స్వరం దగ్గరికి రాగానే జారిపోతోంది ఒడీల్ అని నా వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది కూడా.

డాక్టరు పిట్టను అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, పొట్ట మీది నూగు ఊది చూసింది. వేళ్ళతో ఛాతీ అంతా తడిమింది. అందరూ ఆవిడ చేతులకేసే చూస్తున్నారు.

"సూది గుచ్చిన మచ్చ లేదు. చర్మం కింద మందుబిళ్ళ కూడా లేదు."

"మరి పాట ఎక్కణ్ణించి ఊడిపడిందండీ?" అన్నాడు గొమ్మార్.

"మగ కెనరీ మెదడులో పాటకని ఒక చోటుంటుంది. ఆడదానిలోనూ ఉంటుంది గానీ చాలా చిన్నది. మగ హార్మోను తగిలితే అది పెరుగుతుంది, పెద్ద పిట్టలో కూడా. అప్పుడు ఆడది కూడా పాడుతుంది, మీరన్నట్టు కాస్త కురచగా. దీనికి హార్మోను ఎక్కడో తగిలింది." ఆవిడ ఫిర్మిన్ వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మందు వాడుతున్నారా? మాత్రలు, పూసుకునే జెల్, ఏదైనా?"

"లేదు" అన్నాడు ఫిర్మిన్. చాలా తొందరగా అన్నాడు.

"అయితే ఇంకేముంది, సంఘంలోంచి పేరు కొట్టెయ్యండి" అన్నాడు గొమ్మార్.

రెమి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. చెయ్యెత్తమనబోతున్నాడు.

"ఆగండి" అంది డాక్టరు. "నేను పిట్ట కోసం అడగలేదు. ఒంటికి పూసుకునే మందయితే పిట్టతో ఆగదు. పక్కన పడుకునే మనిషికీ అంటుకుంటుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి గడ్డం మీద వెంట్రుకలు రావడం గానీ గొంతు మారడం గానీ ఉంటే, వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. గొంతు ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కకపోవచ్చు."

తలుపు దగ్గర లుట్‌గార్ద్ చెయ్యి మెల్లగా గడ్డం మీదికి వెళ్ళింది. ఫిర్మిన్ అది చూశాడు. నేను ఆయన్ని చూశాను. కుర్చీ వీపు పట్టుకుని లేచాడు.

"పోయిన చలికాలం నాకు ఆపరేషన్ అయింది" అన్నాడు చివరికి. "హెర్నియా అని చెప్పాను మీకు. హెర్నియా కాదు. మగవాడికి ఉండాల్సింది తీసేశారు." లుట్‌గార్ద్‌కేసి తిరిగాడు. "అంతవరకూ నీకూ తెలుసు. భుజం నొప్పికని రోజూ పూసుకుంటున్నానే, అది నొప్పి మందు కాదు, ఈవిడ అడిగిన జెల్లే. నువ్వు నన్ను తక్కువగా చూస్తావేమోనని..."

గొమ్మార్ చెయ్యి బల్ల కిందికి జారింది.

"నా గొంతు పోతుంటే పక్కన కూచుని దగ్గుమందు తెచ్చిచ్చావు" అంది లుట్‌గార్ద్. గట్టిగా అనలేదు. ఆ గొంతు నిజంగానే బరువెక్కి ఉంది.

"నాకు తెలీదు లుట్‌గార్ద్. ఇంట్లో ఇంకొకళ్ళకి అంటుతుందని నిజంగా అనుకోలేదు."

ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన పిట్టను బల్ల మీదే వదిలేసి వెనకాల పరిగెత్తాడు. చలిగాలి తగలకుండా నేనే పంజరం మీద తువ్వాలు కప్పాను.

సంఘం ఆ గెలుపు రద్దు చేసింది గానీ పేరు కొట్టెయ్యలేదు. పంజరాన్ని ఫిర్మిన్ ఇంటికి చేర్చింది గొమ్మారే. క్షమించమని అడగలేదట. పంజరం గుమ్మంలో పెట్టి, అటూ ఇటూ చూసి, "ఆ జెల్... మన వయసు వాళ్ళకి డాక్టరు అడిగితే ఊరికే రాసిస్తాడా?" అని మాత్రం అడిగాడట.

లుట్‌గార్ద్ పక్క ఊరు డఫెల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడి డాక్టరు ఆవిణ్ణి చూసి, వెంట్రుకలు తగ్గుతాయి, గొంతు సంగతి చెప్పలేనన్నాడు. పిట్ట పాట పల్చబడుతూ వచ్చి ఒకరోజు ఆగిపోయింది. వసంతానికి అది దూది పీకి గూడు కట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి లుట్‌గార్ద్ తిరిగొచ్చింది. పడక మాత్రం వేరే గదిలో. ఫిర్మిన్ ఇప్పుడు మందు పూసుకుని, చేతులు కడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాకే బయటికొస్తాడు.

ఈస్టర్ రోజున ఆవిడ మళ్ళీ బృందంలో నిలబడింది, ఈసారి కిందిస్వరం పాడేవాళ్ళ వరసలో. ప్రార్థన అయ్యాక ఫిర్మిన్ కెఫేకి వస్తే, ఎలా పాడిందని అడిగాను.

"బాగా పాడింది" అన్నాడు. గ్లాసు కాసేపు తిప్పుతూ కూర్చున్నాడు. "ముందరి గొంతు ఇంకా బాగుండేది" అన్నాడు.