మెడలో చెక్కబిళ్ల

మునిమనవరాలి మెడలో బడి కార్డు ఊగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

చిత్తూరు ఇంగ్లీషు బళ్లో నాతో ఉండి చదివినవాళ్లారా, ఆ చెక్కబిళ్ల గుర్తుందా? తెలుగు మాట్లాడిన పిల్ల మెడలో వేసేవాళ్లు. ఇంకొకతె తెలుగులో నోరు జారితే దాని మెడకు మార్చాలి. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్లకు బెత్తం దెబ్బలు.

ఒకరోజు నగరి నుంచి మగ్గం వదిలేసి నాయన వచ్చాడు.

"మీ యమ్మ పోయింది పాపా, రా పోదాం."

"యాడికి పోయినావమ్మా!" అని గొల్లుమన్నాను.

పక్కనున్న సరోజ తన మెడలోని బిళ్ల తీసి నా మెడలో వేసింది. ఎదుటివాళ్లకు కష్టమొస్తే అనమని నేర్పిన మాట కూడా పొల్లుపోకుండా అంది. "ఐయామ్ సో సారీ."

"వెరీ గుడ్!" అంది టీచరమ్మ.

ఇంగ్లీషు రాని నాయన ఇద్దరికీ దండం పెట్టాడు.