ముందే పంచిన బొబ్బట్లు

మా అమ్మాయి పుట్టిన మొదటి ఏడాదిని తేదీలతో చెప్పమంటే నావల్ల కాదు. వాసనలతో అయితే చెప్పగలను. ముందు సాంబ్రాణి పొగ, నువ్వుల నూనె. తర్వాత కళ్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు. ఆ తర్వాత తొలకరికి తడిసిన నల్లమట్టి. వీటి మధ్య నేను ఎప్పుడు నిద్రపోయానో, ఎప్పుడు లేచానో తెలియదు. పట్టపగలే మగతగా ఉండేది. కళ్లు తెరిస్తే పక్కలో పిల్ల ఉండేది, పిల్ల కళ్లూ తెరిచే ఉండేవి. ఒకరినొకరం కాసేపు చూసుకుని మళ్లీ నిద్రలోకి జారిపోయేవాళ్లం.

నేను ఇంటర్ చదివేటప్పుడే మా అమ్మ పోయింది. అందుకని పురుడు, ఆ తర్వాతి చాకిరీ అంతా అత్తగారింట్లోనే జరిగాయి, రొంపిచెర్ల దగ్గర పల్లెలో. మా ఆయన దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవారు. మామయ్య పొద్దున్నే పొలం వెళ్తే మళ్లీ దీపాలవేళకే రావడం. మిగతా పగలంతా ఇంట్లో మేం ముగ్గురమే: నేను, పిల్ల, అత్తయ్య.

అత్తయ్య ఒకప్పుడు వార్డు మెంబరు. ఆ పదవి ఎప్పుడో అయిపోయింది కానీ ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు. వీధిలో ఎవరి పింఛను ఆగినా, ఎవరి కుళాయి రాకపోయినా మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. ప్రతి ఇంటి సంగతీ ఆవిడకు ముందు తెలియాలి. మా ఇంటి సంగతి మాత్రం ఆవిడ చెప్పినప్పుడే, చెప్పినంత మేరకే వీధికి తెలియాలి. పిల్లను చాచిన కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేటప్పుడు మాత్రం ఆ మెంబరుగిరీ అంతా పోయి, నలుగుపిండి చేతులతో ఏవేవో అర్థంలేని మాటలు పాడుకునేది. నేను గుమ్మానికి ఆనుకుని వింటూ నిలబడే నిద్రపోయేదాన్ని.

మా వైపు పసిపిల్లల ఎదుగుదలకు ఒక్కో పిండివంట ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. ఇంట్లో తిని ఊరుకుంటే లెక్కలోకి రాదు, వీధంతా పంచాలి. దాంతో ఎవరి పిల్ల ఏ నెలలో ఏం చేసిందో వేరే చెప్పాల్సిన పని లేదు. గిన్నె వచ్చిందంటే పిల్ల ఎదిగినట్టే. రాకపోతే అడుగుతారు.

మూడో నెలలో మా పిల్ల తిరుగుతున్న ఫ్యానును చూసి పకపకా నవ్వింది. ఆ సాయంత్రానికల్లా నువ్వుండలు అన్ని ఇళ్లకూ చేరాయి. ఎదురింటి పిన్ని మనవడు మా పిల్లకన్నా పన్నెండు రోజులు చిన్న. వాడు నాలుగో నెల నిండీ నిండకుండానే బోర్లా పడ్డాడు, వాళ్ల బొబ్బట్లు మా ఇంటికి వచ్చాయి. అత్తయ్య ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "పప్పు సరిగా ఉడకలా" అంది. నేను రెండు తిన్నాను. పప్పు బాగానే ఉడికింది.

మా పిల్ల మాత్రం ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండేది. ఎత్తుకుంటే ఒళ్లంతా మెత్తగా చేతుల్లోకి ఒదిగిపోయేది. చూసినవాళ్లంతా బంగారుతల్లి, పేచీ అన్నదే ఎరగదు అనేవాళ్లు. నిజం చెప్పొద్దూ, ఆ నెమ్మది నాకు చాలా ఇష్టంగా ఉండేది. నిద్ర చాలని తల్లికి కదలని పిల్లను మించిన వరం ఏముంటుంది? మధ్యాహ్నాలు కిటికీలోంచి పడే ఎండ చాప మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి జరిగేది. మేమిద్దరం జరిగేవాళ్లం కాదు. లోకానికి తొందరెక్కువ, మాకు లేదు అనుకుంటూ పడుకునేదాన్ని. ఆ సుఖాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

అయిదో నెల వచ్చేసరికి వీధి అడగడం మొదలుపెట్టింది. పాలకు వెళ్తే ఒకరు, కుళాయి దగ్గర ఇంకొకరు. "ఏంది పెద్దమ్మా, ఇంకా బోర్లా పడలా?" అత్తయ్య మొదట్లో నవ్వి ఊరుకునేది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు ఎదురింటి పిన్నే, "మావోడు మంచం మీద ఆగట్లేదక్కా, దిండ్లు అడ్డం పెడుతున్నా" అని వాపోయింది. అది వాపోవడం కాదని అత్తయ్యకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ మర్నాడు నేను తలంటు పోసుకుని వచ్చేసరికి పొయ్యి మీద శనగపప్పు ఉడుకుతోంది. ఇల్లంతా బెల్లం, యాలకుల వాసన.

"పడిందా అత్తయ్యా?" అన్నాను. తడి జుట్టుతో అలాగే నిలబడిపోయాను.

"పడింది" అంది, పప్పు కలుపుతూ.

"ఎప్పుడు?"

"నువ్వు నీళ్లాడేటప్పుడు. చూడాల్సింది చూశా, ఇంకేంది? పో, పీట తే."

పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యానును చూస్తోంది. నేను దాని మీద పడి ముద్దులు పెట్టుకున్నాను. ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టాను. ఫ్యాక్టరీ నుంచి మా ఆయన ఫోన్ చేసి, అటు మిషన్ల మోతలో ఏదో అరిచారు. సంతోషమని అర్థమైంది. అత్తయ్య తల నిండా కొంగు కప్పుకుని, ఇంటింటికీ తనే స్వయంగా తిరిగి పంచి వచ్చింది.

తర్వాత రోజూ చూశాను. పిల్ల మళ్లీ పడలేదు. అడిగితే, "పిల్లలంతేనే అమ్మాయ్, ఓసారి చేసి మర్చిపోతారు" అంది అత్తయ్య, నా మొహం చూడకుండా. నాకు అనుమానం రాలేదంటే అబద్ధమే. వచ్చిన అనుమానాన్ని పక్కకు నెట్టి మళ్లీ చాప మీద పడుకున్నాను. వీధికి పంచేసిన సంగతిని ఇంట్లో కాదనడం ఎలాగో నాకు తెలియలేదు.

కొన్నాళ్లకు నర్సమ్మ వచ్చింది, తూకం మిషన్ సంచిలో వేసుకుని. బరువు చూసి, తల్లీబిడ్డల కార్డు తెరిచి, పెన్ను పట్టుకుని, "బోర్లా పడుతోందా? ఎన్నో నెలలో పడింది?" అని నన్ను అడిగింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. నేను పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. రుజువు లేని జవాబుకు మార్కులు వేసేదాన్ని కాను. అలాంటి దాన్ని, కంటితో చూడని సంగతిని, "అయిదో నెలలో" అని చెప్పాను. నర్సమ్మ రాసుకుంది.

ఏడో నెల నిండింది. ఎదురింటివాళ్ల కుడుములు వచ్చాయి. మా పిల్లను కూర్చోబెడితే నడుము దగ్గర మడతపడి ముందుకు వాలిపోయేది. ఒకసారి ముక్కు చాపకు ఆనుకుని, ఊపిరాడక గిలగిలలాడింది. దాన్ని ఎత్తుకుని గుండెకు అదుముకున్నప్పుడు నా మగతంతా ఒక్కసారిగా వదిలిపోయింది. నా కూతురికి ఏదో అయింది. రెండు నెలలుగా నాకు తెలుసు, తెలియనట్టు పడుకున్నాను.

బస్సెక్కి పేటలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం, నేనూ అత్తయ్యా. చల్లటి గది. డాక్టరమ్మ పిల్లను బోర్లా వేసి, చేతులు పట్టి లేపి, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. తర్వాత కార్డు చదివింది. చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"అయిదో నెలలో బోర్లా పడిందని రాసుంది. ఇప్పుడు పడటం లేదు. అంటే వచ్చింది పోయిందా?"

నేను అత్తయ్య వైపు చూశాను.

"ఎందుకు అడుగుతున్నానంటే, రాకపోవడం వేరు, వచ్చింది పోవడం వేరు. పోయిందంటే కొంచెం గట్టిగా ఆలోచించాలి. గుంటూరు పంపి, తలకు స్కాన్ తీయించాలి. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

పిల్ల నా ఒళ్లో, గోడ మీద అంటించిన ఏనుగు బొమ్మను ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"పోలేదమ్మా" అంది అత్తయ్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పోవటానికి అసలు రాలా. పడకముందే నేను బొబ్బట్లు పంచా. జనం అడుగుతుంటే తట్టుకోలేక పంచా. నాదేనమ్మా తప్పంతా."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరు చూశారా?" అంది.

"లేదు."

"మరి పడిందని ఎలా చెప్పారు?"

ఆవిడ కార్డు మీద ఆ మాట కొట్టేసి, పక్కన ఏదో రాసింది. రక్తపరీక్షలు చేయించింది. కండరాల్లో బిగువు తక్కువగా ఉందని, రోజూ వ్యాయామాలు చేయించాలని, రెండు నెలల ముందే వచ్చి ఉంటే బాగుండేదని చెప్పింది. నడుస్తుందా అని అడిగాను. "చేయించండి, చూద్దాం. ఇప్పుడే మాట ఇవ్వలేను" అంది.

తిరుగు బస్సులో నేను అత్తయ్యతో మాట్లాడలేదు. వారం దాకా మాట్లాడలేదు. తన మీద కోపమని ఆవిడ అనుకుంది. సగమే నిజం.

వర్షాలు పడ్డాయి. రోజూ మూడు పూటలా చాప మీద వ్యాయామాలు. తువ్వాలు చుట్టచుట్టి పిల్ల ఛాతీ కింద పెట్టాలి, కాలు మడిచి రెండో వైపుకు తెచ్చి ఆగాలి, మిగతా తిరగడం అది తిరగాలి. నేను చేయిస్తే పిల్ల ఏడ్చేది. అత్తయ్య చేయిస్తే ఏడ్చేది కాదు. నీళ్లు పోసే అలవాటుతో ఆ చేతులకు పిల్ల ఒళ్లు తెలుసు. "ఏమే, మెంబరమ్మ మనవరాలివే నువ్వు, లెయ్యి" అని బతిమాలేది, బెదిరించేది. వీధిలోకి వెళ్లడం దాదాపు మానేసింది. ఎవరైనా పని మీద వస్తే పిల్ల దగ్గర నుంచి లేవకుండానే సమాధానం చెప్పేది. ఎనిమిదో రోజున నేనే పలకరించాను. "కాస్త కాఫీ తాగు అత్తయ్యా" అన్నాను. తాగింది.

తొమ్మిదో నెల చివర్లో ఒక మధ్యాహ్నం. ముసురు పట్టి, చూరు నుంచి నీళ్లు ఒకే తీరున పడుతున్నాయి. అత్తయ్య గోడకు ఆనుకుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. నేను పిల్ల పక్కన ఒత్తిగిలి పడుకున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎవరూ ఏమీ చేయించడం లేదు. పిల్ల కాలు మెల్లగా లేచింది. గాలిలో చాలాసేపు ఆగింది. తర్వాత నడుము తిరిగింది, భుజం తిరిగింది, తల అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది. తల ఎత్తి నన్ను చూసింది. ఇల్లంతా తలకిందులైనందుకు ఆశ్చర్యపడుతున్నట్టుంది దాని మొహం.

నేను కదల్లేదు. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. కలేమో, మాట్లాడితే చెదిరిపోతుందేమో అని భయపడ్డాను. పిల్లే ముందుగా కెవ్వుమంది, చెయ్యి నొప్పి పెట్టి. అప్పుడు ఇద్దరం ఒకేసారి ఏడ్చాం.

"పప్పు నానబెట్టనా?" అన్నాను చివరికి.

"ఏ మొహం పెట్టుకుని పంచనే మళ్లీ?" అంది. అన్నదే కానీ సాయంత్రానికి తనే పొయ్యి వెలిగించింది.

మర్నాడు వర్షం తెరిపి ఇవ్వగానే గిన్నె పట్టుకుని బయల్దేరింది. నేను పిల్లనెత్తుకుని వెంట నడిచాను. మొదటి ఇంటి గుమ్మంలోనే చెప్పేసింది. "అప్పుడు పంచింది అబద్ధం. పిల్ల నిన్న పడింది. తొమ్మిదో నెల్లో. పేటలో డాక్టరమ్మకి చూపిస్తున్నాం." ప్రతి ఇంట్లోనూ అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా. కొందరు నవ్వారు. ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. అత్తయ్య మొహం ఎర్రబడుతూనే ఉంది, అయినా ఏ ఇల్లూ వదల్లేదు. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ కలిగిందంటే, వీధి మధ్యలోనే కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎదురింటి పిన్ని మాత్రం బొబ్బట్లు అందుకుని, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చింది. చంకలో మనవడు. బలంగా, నిటారుగా కూర్చుని, అందిన కొంగునల్లా లాగుతున్నాడు. నేను ఎన్ని నెలలు చూసి కుళ్లుకున్న పిల్లవాడో వాడు. పిన్ని వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ డాక్టరమ్మ చెవులు కూడా చూసిద్దా?"

అత్తయ్య చేతిలో పని ఆపింది.

"పిలిస్తే తిరగడక్కా వీడు. గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడడు. మా కోడలు చానాసార్లు అంది. నేనే నోరు మూయించా, ఎవరితోనూ అనబాకని."

అత్తయ్య లేచి పిల్లవాణ్ని అందుకుంది. వాణ్ని భుజాన వేసుకుని, వాడి వీపు నిమురుతూ కాసేపు అటూ ఇటూ నడిచింది. "రేపు మొదటి బస్సుకే పోదాం, నేనూ వస్తా" అంది. తర్వాత ఆగి అడిగింది. "డాక్టరమ్మ అడిగిద్ది. ఎన్నో నెల నించి తిరగట్లా?"

పిన్ని ఏదో చెప్పబోయింది. నన్ను చూసింది, నా ఒళ్లో మా పిల్లను చూసింది.

"ఎప్పుడూ తిరగలేదక్కా" అంది. "మొదట్నించీ."